స్టాండ్‌బై సీటు

ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషను. దూరం సుమారు నాలుగు కిలోమీటర్లు, రైలులో ఆరున్నర నిమిషాలు. ఆ సోమవారం ఉదయం తొమ్మిది గంటల పద్దెనిమిది నిమిషాల రైలు ఎక్కాం, నేనూ అక్కా. అక్క ఒడిలో నీలిరంగు ప్లాస్టిక్ ఫైలు, అందులో తొమ్మిది కాగితాలు: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, నర్సింగ్ డిగ్రీ నాలుగేళ్ల మెమోలు నాలుగు, డిగ్రీ పట్టా, టీసీ, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. అన్నీ ఒరిజినల్సే. ఆ ఆరున్నర నిమిషాల్లో అక్క నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఒరిజినల్స్ ఇచ్చుడు తప్పదా?"

"స్టాండ్‌బై కోసమే అక్కా. మనకు కావాల్సింది రాంగనే వాపస్ తీస్కుందాం" అన్నాను.

అక్క తల ఊపింది.

నేను ఆసుపత్రుల్లో వాడే యంత్రాలను పరీక్షించే ఇంజనీరును. వెంటిలేటర్లు, మందును నరంలోకి కొద్దికొద్దిగా ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపులు, గుండె లయను సరిచేసే డీఫిబ్రిలేటర్లు. కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, ఒక పంపు ఆగితే రెండోది ఎన్ని సెకన్లలో అందుతుంది అని చూడటమే నా ఉద్యోగం. పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ప్రాణం నిలవాల్సిన ఏ చోటైనా ఒక యంత్రం మీద మాత్రమే ఆధారపడకూడదు, పక్కన స్టాండ్‌బైగా రెండోది సిద్ధంగా ఉండాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ఆ పాఠాన్ని నేను ఇంటికి కూడా తెచ్చుకున్నాను. మా బావకు దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల కౌంటరు ఉంది. నన్ను చూసినప్పుడల్లా ఆయన అక్కతో అనే మాట ఒకటే: "మీ చెల్లె ఉప్పు డబ్బాకు గూడ స్టాండ్‌బై పెడ్తది."

అక్క నాకంటే ఐదేళ్లు పెద్దది. అప్పటికి ఆమె వయసు ముప్పై ఏడేళ్ల ఎనిమిది నెలలు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పద్నాలుగేళ్లుగా నర్సు, అందులో చివరి ఐదేళ్లు నలభై రెండు పడకల జనరల్ వార్డుకు ఇన్‌ఛార్జి. రోజుకు పన్నెండు గంటలు నిలబడేది. ఇంటికి వచ్చాక కాళ్లకు బిగించిన మేజోళ్లు విప్పి, అల్మాస్‌గూడ ఇంటి గడప మీద కూర్చుని, పాదాల మీద పడ్డ గీతలను బొటనవేలితో నొక్కుకునేది. అయినా ఆమె పై చదువు చదవాలనుకున్నది కాళ్ల కోసం కాదు.

ఆమె దగ్గర ఒక చిన్న నోటు పుస్తకం ఉండేది. వార్డులో డాక్టరు 'ఇంటికి వెళ్లవచ్చు' అని రాసిన సమయం ఒక గడిలో, రోగి నిజంగా మంచం దిగి గుమ్మం దాటిన సమయం మరో గడిలో. ఆ రెంటి మధ్య సగటున ఐదు గంటల నలభై నిమిషాలు పట్టేది. బిల్లింగ్ కౌంటరు వల్లనే ఆలస్యమని అందరూ తిట్టుకునేవారు. అక్క ఏడు నెలలపాటు రెండువందల అరవై మంది రోగులకు ఆ సమయాలు రాసి, ఆగుతున్నది బిల్లు దగ్గర కాదని తేల్చింది. వాడకుండా మిగిలిన మందులను వార్డు నుంచి ఫార్మసీకి వాపసు పంపాలి. ఫార్మసీలో వాపసు తీసుకునే మనిషి ఒక్కరే, అదీ మధ్యాహ్నం రెండు తర్వాతే వస్తారు. ఆ చీటీ వస్తే తప్ప బిల్లు కదలదు. ఇంత చిన్న విషయం. పొద్దున తొమ్మిదింటికి ఒక మనిషిని అక్కడ కూర్చోబెడితే ఆసుపత్రి మొత్తంలో రోజుకు పన్నెండు మంచాలు మధ్యాహ్నానికే ఖాళీ అవుతాయి. కింద ఎమర్జెన్సీలో స్ట్రెచర్ల మీద మంచం కోసం చూస్తున్నవారికి అవి దొరుకుతాయి.

అక్క ఆ లెక్కను తెల్లకాగితం మీద రాసి నెలవారీ సమావేశానికి తీసుకెళ్లింది. అక్కడ మేనేజరు కుర్చీలో ఉన్న పిల్లవాడికి ఇరవై ఆరేళ్లు. కాగితం తిప్పి కూడా చూడలేదట. "సిస్టర్, ఆపరేషన్స్ మేం చూసుకుంటాం, మీరు పేషెంట్స్‌ని చూడండి" అన్నాడట. ఆ రాత్రి అన్నం ముందు అక్క ఆ సంగతి చెప్పి, "ఆయనకు ఏదో ఒక డిగ్రీ ఉంటది కదే, అదేందో కనుక్కో" అంది. కోపంగా కాదు, ఏదో మందు పేరు అడిగినట్టు అడిగింది.

కనుక్కోవడం నా పని అయింది. నాలుగు దారులు తేలాయి. ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తే చివరికి కళాశాలలో పాఠాలు చెప్పాలి. ప్రజారోగ్యంలో పీజీ చేస్తే జిల్లాలూ సర్వేలూ, వార్డు ఉండదు. ఆసుపత్రి నిర్వహణలో ఎంబీఏ దొరకడం సులువే గానీ, అది చదివినవారిలో నాకు తెలిసిన ఆరుగురూ కంపెనీలతో ఒప్పందాలు కుదిర్చే మార్కెటింగ్ విభాగంలోనే ఉన్నారు. నాలుగోది మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, ఎంహెచ్ఏ. నగరానికి పడమటి వైపున, సొంత బోధనాసుపత్రి ఉన్న ఒక సంస్థ దాన్ని నడుపుతుంది. రెండేళ్లలో పది నెలలు ఆసుపత్రి లోపలే పని. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, అక్కడ ఉద్యోగంలో ఉన్న నర్సులకు విడిగా రెండు సీట్లున్నాయి. వాటికి సగం ఫీజు, స్టైపెండు. వయసు ముప్పై ఎనిమిది దాటకూడదు.

పదకొండు కాలమ్‌లతో ఒక పట్టిక తయారుచేశాను. ఫీజు, దూరం, కాలవ్యవధి, ఉద్యోగావకాశం, ప్రతిదానికీ ఒక మార్కు. అక్కకు ఫోనులో చూపించాను. ఆమె చాలాసేపు అటూ ఇటూ జరిపి చూసి, "గిండ్ల వార్డు ఏడుందే?" అంది. ఆమె అడిగాక పన్నెండో కాలమ్ చేర్చాను. ఎంహెచ్ఏ మొదటి స్థానంలోకి వచ్చింది. చేర్చకముందు ఎంబీఏ వచ్చింది. ఆ తేడా అప్పుడే నన్ను ఆపి ఉండాల్సింది.

ఎంహెచ్ఏ రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూకు నేనూ వెళ్లాను, బయట బెంచీ మీద కూర్చున్నాను. మిగిలినవారికి ఎనిమిదేసి నిమిషాలు పట్టింది. అక్క ఇరవై ఆరు నిమిషాలకు వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. ఇంటర్వ్యూ చేసిన ముగ్గురిలో ఒక పెద్దావిడ నోటు పుస్తకం తీసుకుని పేజీలు తిప్పిందట, ఫార్మసీ మనిషి ఎందుకు రెండింటికి వస్తాడని అడిగిందట. "పొద్దుగాల ఆయన ఓపీ కౌంటర్‌ల కూసుంటడు మేడం అని చెప్పిన. ఆమె రాసుకున్నది" అని అక్క ఆ మాటను రైలులో మూడుసార్లు చెప్పింది. పద్నాలుగేళ్లలో ఆమె చెప్పినదాన్ని ఒకరు కాగితం మీద రాసుకోవడం అదే మొదటిసారి.

చెప్పిన తేదీకి ఫలితాలు రాలేదు. ఒకసారి వారం, మరోసారి పది రోజులు వాయిదా పడ్డాయి. ఈలోగా దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ఎంబీఏ కళాశాల సిటీ ఆఫీసు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నేనే ఒకప్పుడు వివరాల కోసం నంబరిచ్చాను. యాజమాన్య కోటాలో నాలుగు సీట్లే మిగిలాయి, శనివారంతో అడ్మిషన్లు ముగుస్తాయి, పదివేలు కట్టి ఒరిజినల్స్ ఇస్తే సీటు బ్లాక్ చేస్తాం అన్నారు. మా దగ్గర చాలా ఇళ్లలో పిల్లలకు ఇలాగే చేస్తారు. ఒకచోట ఒరిజినల్స్ ఇచ్చి సీటు పట్టుకుని, మంచిది వచ్చాక అడిగి తెచ్చుకుంటారు. తెచ్చుకున్నవారి గురించే వింటాం. బావకు మాత్రం నచ్చలేదు. "చీర పక్కకు పెట్టమంటే మేం పెట్టేది మా చీరనే, కస్టమర్ కట్టుకున్న చీర గాదు. గాళ్లు నీ చీరనే దాసిపెట్టుకుంటరట గదా" అన్నాడు. నేను నవ్వాను. రెండూ పోతే అక్కకు ఈ ఏడాది ఏమీ ఉండదని, వచ్చే ఏడాది వయసు దాటిపోతుందని వివరించాను. నా వాదనలో తప్పు ఎవరికీ దొరకలేదు.

ఆ సోమవారం మెయిన్ రోడ్డు పక్కన ఒక భవనం మూడో అంతస్తులో ఆ ఆఫీసుకు చేరాం. కౌంటరులో నలభై ఏళ్ల ఉద్యోగి, కోస్తా మాట, చాలా మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు. నేను అడగవలసినవన్నీ అడిగాను. రద్దు చేసుకుంటే ఒరిజినల్స్ ఎన్ని రోజుల్లో ఇస్తారు? "రెండు రోజులండీ. ఒక్క లెటర్ రాసిస్తే చాలు." రసీదులో తొమ్మిది కాగితాల నంబర్లూ రాయించాను. ప్రతి నంబరునూ కాగితంతో సరిచూశాను. సంతకం, ముద్ర, తేదీ అన్నీ ఉన్నాయి. 'రద్దు విషయంలో కళాశాల నియమాలు వర్తిస్తాయి' అన్న వాక్యాన్ని కూడా చదివాను. ఆ నియమాలు చూపించమని మాత్రం అడగలేదు.

వెంటిలేటరు బ్యాటరీ పనిచేస్తుందని తయారీదారు చెప్పినంత మాత్రాన నేను సంతకం పెట్టను. ప్లగ్ పీకి, గడియారం పెట్టి, అది నిజంగా నడుస్తుందో లేదో చూస్తాను. ఆ ఆఫీసులో ప్లగ్ పీకి చూడలేదు. బల్ల అవతలి మనిషి మాటను కొలతగా రాసుకున్నాను.

బుధవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు పడమటి సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. రెండు సీట్లలో ఒకటి అక్కది. శుక్రవారం ఉదయం పది నుంచి ఒంటిగంటలోపు ఒరిజినల్ సర్టిఫికెట్లతో స్వయంగా రావాలి. నకళ్లు అంగీకరించరు. గడువు దాటితే నిరీక్షణ జాబితాలో తర్వాతి అభ్యర్థికి ఇస్తారు. అక్క డ్యూటీలో ఉంది. ఫోను చేస్తే ఏడుస్తుందేమో అనుకున్నాను. "జెర ఆగు, ఒక పేషెంట్‌కు రక్తం ఎక్కుతున్నది" అని పెట్టేసింది. నలభై నిమిషాల తర్వాత తనే చేసి, మెయిల్ చదివి వినిపించమంది. మళ్లీ చదవమంది.

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నాం. అదే కౌంటరు, అదే ఉద్యోగి, అదే మర్యాద. ఒరిజినల్స్ ఇక్కడ లేవండీ, మంగళవారమే క్యాంపస్‌కు పంపేశాం అన్నాడు. క్యాంపస్ విజయవాడ రహదారి మీద, ఎల్బీ నగర్ నుంచి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. ఇప్పుడే వెళ్లి తెచ్చుకుంటాం అంటే, ముందు రద్దు జరగాలన్నాడు. రద్దుకు మొదటి సంవత్సరం ఫీజు పూర్తిగా కట్టాలి: అరవై ఎనిమిది వేలు. ఆ సీటు ఇక నిండదు కాబట్టి.

ఒరిజినల్స్ పట్టి ఉంచకూడదన్న నిబంధన నాకు తెలుసు. దాని కాపీ ఫోనులోనే ఉంది, చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు.

"రూల్ కరెక్టే మేడమ్. మీరు కంప్లయింట్ పెట్టండి, మేం తప్పకుండా సమాధానం చెప్తాం. నెల రోజులు పడుతుంది. మీకు కావాల్సింది రేపే కదా?"

మూడు గంటల సేపు మాట్లాడాను. గొంతు పెంచాను, తగ్గించాను. అక్క గోడ పక్కన నిలబడే ఉంది. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. చివరికి తన సంచిలోంచి చెక్కు పుస్తకం తీసింది. "చెక్కు తీసుకోమండీ" అన్నాడు ఆయన. ఎంహెచ్ఏ ఫీజు కోసం బ్యాంకులో దాచుకున్న డబ్బు నుంచి నగదు తెచ్చేసరికి మూడున్నర అయింది. తర్వాత రద్దు ఉత్తరం. ఆయన చెబుతుంటే అక్క రాసింది: 'నా వ్యక్తిగత కారణాల వల్ల, నా స్వచ్ఛంద అభీష్టం మేరకు...' తేదీలు, రసీదు నంబరు సరిగా ఉన్నాయో లేదో నేను సరిచూసి, సంతకం పెట్టమన్నాను. అప్పటికి క్యాంపస్ ఆఫీసు మూసేసే వేళ అయింది. రేపు తొమ్మిదిన్నరకే తెరుస్తారు, పది లోపు మీ చేతిలో ఉంటాయి అన్నారు.

శుక్రవారం తొమ్మిది గంటల పది నిమిషాలకు క్యాంపస్ గేటు ముందు దిగాం. ఆఫీసు చెప్పిన సమయానికే తెరిచారు. సర్టిఫికెట్లున్న ఇనుప బీరువా తాళంచెవి పరిపాలనాధికారి దగ్గర ఉంది. ఆయన బంధువుల ఇంటి శుభకార్యం చూసుకుని వస్తారట. పదింటికి అక్క ఒకసారి గడియారం చూసింది, పదిన్నరకు ఒకసారి. తర్వాత చూడటం మానేసింది. నేను పడమటి సంస్థకు ఫోను చేస్తూనే ఉన్నాను. అవతలి ఆమె ఓపికగా విని, ఒంటిగంట దాకా ఎదురుచూస్తామమ్మా, ఆ తర్వాత మా చేతిలో ఉండదు అంది.

అధికారి పదకొండు గంటల యాభై ఐదు నిమిషాలకు వచ్చాడు. పన్నెండు గంటల ఎనిమిది నిమిషాలకు ఫైలు మా చేతిలో పెట్టాడు. అలవాటు కొద్దీ నేను తొమ్మిది కాగితాలనూ రసీదుతో సరిచూశాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల వల్ల ఫలితం మారదని తర్వాత ఎన్నోసార్లు లెక్క వేసి చూశాను. మారదు. అయినా ఆ నాలుగు నిమిషాలు అక్క నా పక్కన నిలబడి నేను కాగితాలు తిప్పడం చూసింది.

క్యాబు ఎక్కి ఔటర్ రింగు రోడ్డు మీదుగా వెళ్లాం. డెబ్బై ఆరు కిలోమీటర్లు, తొంభై నిమిషాలు. ఒంటిగంటకు మేమింకా సగం దారికి కొంచెం అవతల ఉన్నాం. అక్క డ్రైవరుతో, "అన్నా, జెర మెల్లగ పోనీ. ఇగ పరేషాన్ లేదు" అంది.

ఒంటిగంట నలభై రెండు నిమిషాలకు ఆ ఆఫీసు గదిలోకి అడుగుపెట్టాం. ఫోనులో మాట్లాడిన ఆమే లేచి నిలబడింది. తర్వాతి అభ్యర్థి పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చుని ఉందనీ, ఒంటిగంటా పదిహేనుకు పిలిచామనీ చెప్పింది. ఆ అమ్మాయి మూలన బల్ల దగ్గర ఉంది. నల్లగొండ వైపు ఒక ప్రైవేటు దవాఖానలో నర్సట, ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. చదువు మధ్యలో మానేయనని రాసిచ్చే బాండు కాగితం ముందు పెట్టుకుని, దేని మీద సంతకం చేయాలో తెలియక పెన్ను పట్టుకుని ఆగిపోయింది. మమ్మల్ని చూసి విషయం అర్థమై, సగం లేచింది.

అక్క వెళ్లి ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. ఆ రెండు రోజుల్లో అక్క కూర్చోవడం చూసినది రైల్లోనూ బండ్లలోనూ కాక అక్కడే. కాగితం తన వైపు తిప్పుకుని, "ఈడ నీ పేరు, ఈడ జామీను ఇచ్చేటోళ్ల పేరు. తేదీ మర్చిపోకు" అని చూపించింది. అమ్మాయి రాస్తుంటే ఆమె మెమోలు గాలికి ఎగరకుండా అరచేత్తో పట్టుకుంది. అంతా అయ్యాక అడిగింది.

"ఏ వార్డుల చేస్తున్నవ్?"

"మెడికల్, అక్కా."

"పేషెంట్ ఇంటికి పోయే టైము రాసుకో, రోజూ. అందరు బిల్లు కాడ ఆగుతదంటరు. బిల్లు కాడ గాదు, మందులు వాపస్ ఇచ్చే కాడ ఆగుతది. ఈడ ఒక పెద్ద మేడం ఉన్నది, ఆమెకు చెప్తే ఇంటది."

అమ్మాయి తల ఊపుతూ ఏడ్చింది. అక్క ఏడవలేదు.

తిరుగు ప్రయాణం మెట్రోలో. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఇరవై ఏడు స్టేషన్లు. దూరవిద్యలో ఇదే కోర్సు ఉందనీ, వచ్చే ఏడాది మామూలు సీటుకు ప్రయత్నించవచ్చనీ, ఫీజు సర్దవచ్చనీ, ఆ ఎంబీఏలోనే మళ్లీ చేరినా కట్టిన డబ్బు లెక్కలోకి వస్తుందేమో అడుగుదామనీ నేను ఫోను తెరిచి చెబుతూనే ఉన్నాను. దిల్‌సుఖ్‌నగర్ స్టేషనులో తలుపులు తెరుచుకుని మూసుకున్నాక అక్క నా ఫోను మీద చెయ్యి పెట్టింది.

"ఇగ నా గురించి నువ్వు లెక్కలు ఎయ్యకే."

కోపం ఉంటే క్షమాపణ అడిగేదాన్ని. ఆ గొంతులో కోపం లేదు. వార్డులో ఎవరికో సెలైను ఆపెయ్యమని చెబుతున్నట్టుగా ఉంది.

ఫిర్యాదు పెట్టాను. ఆ ఆఫీసు ఉద్యోగి చెప్పిన మాట నిజమే, సమాధానం వచ్చింది, నలభై ఒక్క రోజులకు. అభ్యర్థి స్వచ్ఛందంగా రద్దు చేసుకున్నారనీ, ఒరిజినల్స్ మర్నాడే అందజేశామనీ, సాక్ష్యంగా ఆమె చేతిరాతలోని ఉత్తరం జతచేస్తున్నామనీ. ఆ ఉత్తరంలో ఒక్క తప్పు కూడా లేదు. నేనే సరిచూశాను కదా.

నాలుగు నెలలకు అక్కకు ముప్పై ఎనిమిది నిండాయి. ఇప్పటికీ అదే వార్డు, అవే నలభై రెండు పడకలు. పండగలకు వెళ్తాను, అన్నం పెడుతుంది, నా ఉద్యోగం గురించి అడుగుతుంది, బావ మీద జోకులు వేస్తుంది. మా మధ్య మాటలు ఆగలేదు. మొన్న ఆమె కూతురికి ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, నేను ఆ గదిలోనే ఉన్నాను. అక్క పిల్లను తీసుకుని పక్కింటి టీచరు దగ్గరికి వెళ్లింది.

మొత్తం ఇది. సీటు బ్లాక్ చేయడానికి పదివేలు, రద్దుకు అరవై ఎనిమిది వేలు, ప్రయాణాలకు మూడువేల నూట నలభై. అక్కకు జీతం లేని సెలవులు మూడు, నాకూ మూడు. రోడ్డు మీద, రైలులో కలిపి నూట డెబ్బై ఆరు కిలోమీటర్లు. ఆలస్యం నలభై రెండు నిమిషాలు. అక్కకు వచ్చిన సీట్లు రెండు, మిగిలినవి సున్న. ఒరిజినల్స్ తొమ్మిదీ భద్రంగా వచ్చాయి.